హరామ్ అని తెలుసు, ఆ తరువాత?

మద్యం హరామ్ అని మన ఇళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. మక్తబ్‌కు వెళ్లే ఆరేళ్ల పసివాడిని అడిగినా చెబుతాడు. ఈ విషయంలో మన సమాజానికి జ్ఞానం లోపించలేదు. లోపించినది మరొకటి. మన ఇంటి మనిషే ఆ ఊబిలో కూరుకుపోయాడని తెలిసిన నాడు ఏమి చేయాలో మనకు తెలియదు.

తెలియదు కనుక దాచిపెడతాం. ఇంటి యజమాని తాగి పడుకుంటే పనికి పిలవడానికి వచ్చినవారితో "ఆయనకు జ్వరం" అని చెబుతాం. కొడుకు కళ్లు ఎర్రబడి ఉంటే రాత్రంతా చదివాడని సర్దిచెబుతాం. నికాహ్ సంబంధం మాట్లాడేటప్పుడు కుర్రాడికి ఏ అలవాటూ లేదని పెద్దలు హామీ ఇస్తారు. తాగేవాడు ఉన్న ఏ ఇంటికైనా లోకుల ముందు అవమానం ఉంటుంది. మన ఇంటికి దానితోపాటు ధర్మం ముందు అపరాధ భావన కూడా తోడవుతుంది. ఈ రెండింటి బరువు కింద నోరు పెగలదు. మాట బయటికి రాదు కనుక వైద్యమూ అందదు.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు జరిపిన జాతీయ సర్వే నివేదిక 2019లో వెలువడింది. 10 నుంచి 75 సంవత్సరాల మధ్య వయస్కులలో 14.6 శాతం మంది, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం సేవిస్తున్నారని అది తేల్చింది. వారిలో 5.7 కోట్ల మందికి సహాయం అవసరమని చెప్పింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందిందని కూడా ఆ నివేదిక పేర్కొన్నది. మిగిలిన 37 మంది ఎక్కడ ఉన్నారు? ఇళ్లలోనే ఉన్నారు. తల్లులు, భార్యలు కప్పిన దుప్పట్ల కింద ఉన్నారు. ఈ నెల మేము ఆ దుప్పటిని కొంచెం తొలగించి మాట్లాడదలచాము.

కురిచేడు నేర్పిన పాఠం

2020 జులై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో పది మందికి పైగా మనుషులు ఒకరి వెంట ఒకరు మరణించారు. వారిలో యాచకులు ఉన్నారు, కూలిపనులు చేసుకునేవారు ఉన్నారు. కోవిడ్ కట్టడి కారణంగా ఆ ఊరిలో మద్యం దుకాణాలు మూతపడి ఉన్నాయి. అంతకు ముందు మే నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం మద్యం ధరలను మొత్తం మీద 75 శాతం పెంచింది. చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్ చౌకగా, సులువుగా దొరికింది. దానిని నీటిలోనో శీతల పానీయంలోనో కలుపుకొని తాగారు.

ఆ వార్త చదివిన నాడు చాలామంది "బుద్ధి లేక తాగారు, పోయారు" అన్నారు. ఒక్క క్షణం ఆలోచిద్దాం. శానిటైజర్‌కు రుచి లేదు. దానిని తాగితే గౌరవమూ లేదు, వేడుకా లేదు. అది గొంతును, కడుపును కాల్చే ద్రవం. విలాసం కోసం ఎవరూ దానిని నోట పెట్టుకోరు. శరీరం ఆ పదార్థం లేకుండా నిలువలేని స్థితికి చేరినప్పుడే మనిషి ఆ పని చేస్తాడు. మద్యం మొదటి గుక్క అతని ఇష్టప్రకారమే జరిగి ఉండవచ్చు. ఆ గుక్కకు అతడు జవాబుదారుడే. కానీ కురిచేడులో చివరి గుక్క తాగించినది వ్యాధి. ఈ తేడా అర్థమైతే గానీ మనం ఎవరికీ సహాయం చేయలేము.

శరీరం ఎలా లొంగిపోతుంది?

మన మెదడులో రెండు రకాల సంకేతాలు తక్కెడలోని రెండు పళ్లాల వలె పనిచేస్తాయి. ఒక రకం సంకేతాలు నరాలను శాంతపరుస్తాయి, మరొక రకం వాటిని ఉత్తేజపరుస్తాయి. మద్యం శాంతపరచే పళ్లెం మీద బరువు వేస్తుంది. అందుకే తాగినవాడికి భయం తగ్గినట్లు, నొప్పి తెలియనట్లు, నిద్ర పట్టినట్లు అనిపిస్తుంది. రోజూ ఇదే జరిగితే మెదడు ఊరుకోదు. తక్కెడ సమానం చేయడానికి ఉత్తేజపరచే పళ్లెం బరువును పెంచుకుంటుంది. కొన్ని నెలలకో సంవత్సరాలకో పాత మోతాదు చాలదు. ఆ దశలో మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ఒక పళ్లెం ఖాళీ అవుతుంది, రెండవది ధడేలున కిందికి పడుతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది, నిద్ర ఉండదు. ఉదయాన్నే ఒక గుక్క తాగితే వణుకు ఆగుతుంది. అతడు ఇక సంతోషం కోసం తాగడం లేదు, బాధ ఆగడం కోసం తాగుతున్నాడు.

మన ప్రాంతపు జీవితంలో ఈ లొంగుబాటుకు దారులు ఎన్నో. ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డుకు లారీలు బారులు తీరుతాయి. ఘాటుకు తుమ్ముతూ, దగ్గుతూ, పగలంతా టిక్కీలు మోసిన హమాలీకి సాయంత్రానికి నడుము నిలువదు. పత్తి తీతల కాలంలో, మిరప కోతల కాలంలో కూలి డబ్బు ఏ రోజుకారోజు చేతికి వస్తుంది. ఇంటికి వెళ్లే దారిలోనే బెల్టు షాపు ఉంటుంది. అక్కడ అప్పు కూడా పుడుతుంది. ధర పడిపోయిన రైతుకు, కౌలు కట్టలేని కౌలుదారుకు, తెగులు సోకిన చేను చూసి వచ్చినవానికి ఆ రాత్రి నిద్ర కావాలి. నొప్పికి మందు, దిగులుకు మందు, నిద్రకు మందు అంటూ మొదలైనది చివరికి ఆ మూడింటినీ పెంచుతుంది. మద్యం తెచ్చిన నిద్ర నిండు నిద్ర కాదు. మద్యం మరపించిన అప్పు మరునాటికి వడ్డీతో సహా అక్కడే ఉంటుంది.

లెక్క కూడా వేసి చూద్దాం. 2024 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో క్వార్టరు సీసా మద్యం 99 రూపాయలకు అందుబాటులోకి వచ్చింది. రోజుకు ఒక్క సీసా అనుకున్నా నెలకు 2,970 రూపాయలు, ఏడాదికి 36,135 రూపాయలు. కూలి చేసుకునే ఇంట్లో అది ఒక ఆడపిల్ల చదువు, లేదా ఇల్లు కురవకుండా పైకప్పు. కొద్దిగా తాగితే ఆరోగ్యానికి మంచిదన్న మాటకు కూడా ఇప్పుడు ఆధారం మిగలలేదు. ఏ మోతాదు మద్యమూ ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది.

చట్టం తెరిచిన దారి, మూసిన దారి

ఈ నేలకు మద్యంతో పోరాడిన చరిత్ర ఉంది. ప్రకాశం జిల్లా ఎవరి పేరును ధరించిందో ఆ టంగుటూరి ప్రకాశం పంతులు ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. ఆయన ప్రభుత్వం 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానంపై ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆనాటి వివాదానికి కేంద్రం మద్యనిషేధమే. తరువాత 1990ల తొలినాళ్లలో, ప్రకాశం జిల్లాకు పొరుగున ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న గ్రామీణ మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు ఊరూరా మారుమోగింది. 1992లో మహిళలు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1న సారాపై నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారు.

ఈ చరిత్ర నుంచి మనం రెండు విషయాలు నేర్చుకోవాలి. మొదటిది, తమ ఇంటి బాధను నలుగురిలో చెప్పుకోగలిగిన మహిళలే ప్రభుత్వాలను కదిలించారు. దూబగుంట స్త్రీలు "మా ఇంట్లో అలాంటిదేమీ లేదు" అని ఉంటే ఆ ఉద్యమమే పుట్టేది కాదు. రెండవది, చట్టం దుకాణాన్ని మూయగలదు. అలవాటు పడిన శరీరానికి చికిత్స చేయలేదు. కురిచేడులో దుకాణం మూసే ఉంది. లోపలి దాహం మూతపడలేదు.

మద్య నిషేధం విషయంలో దివ్య ఖుర్ఆన్ అనుసరించిన క్రమం మనకు తెలిసినదే. మొదట సూరా బఖరాలో మద్యం, జూదాల వల్ల కలిగే ప్రయోజనం కంటే వాటిలోని పాపమే పెద్దదని తెలుపబడింది. తరువాత సూరా నిసాలో మత్తులో ఉండగా నమాజ్‌ను సమీపించరాదని ఆదేశించబడింది. చివరకు సూరా మాయిదాలో సంపూర్ణ నిషేధం వచ్చింది. ఆ ప్రకటన వినబడిన వేళ అబూ తల్హా (రజి) ఇంట పానీయం అందిస్తున్న అనస్ (రజి) దానిని బయట పారబోశారనీ, అది మదీనా వీధులలో ప్రవహించిందనీ హదీసు గ్రంథాలలో నమోదై ఉంది. ఆ సమాజపు హృదయాలు సంవత్సరాల తరబడి సిద్ధం చేయబడ్డాయి. పొరుగువాడు కూడా పారబోశాడు, మిత్రుడు కూడా పారబోశాడు. ఎవరూ ఒంటరిగా మానవలసిన అవసరం రాలేదు.

ఇక్కడ ఒక అపార్థానికి తావు ఇవ్వరాదు. నేడు ఆజ్ఞ సంపూర్ణం. "నెమ్మదిగా తగ్గించుకుంటాను, అంతవరకు అనుమతి ఉంది" అని ఎవరూ అనుకోరాదు. మేము చెప్పదలచినది వేరు. మానమని చెప్పడంతో మన బాధ్యత తీరిపోలేదు. మానడానికి చేయూతనివ్వడం కూడా మన బాధ్యతలో భాగమే.

రమజాన్ మాసంలో ఒక హెచ్చరిక

మన సమాజంలో ఒక ప్రత్యేకమైన పరిస్థితి ఉంది. వైద్య కరపత్రాలలో దాని గురించి తరచుగా కనిపించదు. సంవత్సరమంతా తాగే మనిషి కూడా రమజాన్ నెలవంక కనబడగానే ఆపివేస్తాడు. ఆ సంకల్పం విలువైనది. అతని గుండెలో ఈమాన్ వెలుగు ఆరలేదని అది చూపుతుంది. అప్పుడప్పుడు తాగేవాడు అలా ఆపితే ప్రమాదం లేదు, అల్హమ్దులిల్లాహ్. ఎన్నో సంవత్సరాలుగా రోజూ అధిక మోతాదులో తాగుతూ, ఉదయం వణుకు మొదలయ్యే స్థితికి చేరినవాడు వైద్యుని సలహా లేకుండా ఒక్కసారిగా ఆపివేస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు.

ఆ క్రమాన్ని ప్రతి ఇల్లాలూ తెలిసి ఉండాలి. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటలలో వణుకు, చెమట, వాంతులు, ఆందోళన కనిపిస్తాయి. 48 గంటలలోపు మూర్ఛలు రావచ్చు. రెండు మూడు రోజులు గడిచాక కొందరిలో మతిభ్రమణం వస్తుంది. లేని పురుగులు పాకుతున్నాయంటారు, ఎవరో పిలుస్తున్నారంటారు, సొంతవారినే గుర్తుపట్టరు. జ్వరం, గుండెదడ పెరుగుతాయి. దీనిని చూసి గాలి సోకిందనో, జిన్ను పట్టిందనో తాయెత్తుల కోసం పరుగెత్తిన ఇళ్లలో అమూల్యమైన గంటలు వృథా అవుతాయి. ఇది తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన స్థితి. 108కు ఫోన్ చేయాలి. మూర్ఛ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోటిలో నీళ్లు గాని చెంచా గాని పెట్టరాదు.

కనుక మా సలహా ఇది. మానదలచినవాడు రమజాన్ కోసం వేచి ఉండనక్కరలేదు. ఈ రోజే వైద్యుని కలవాలి. ముఖ్యంగా రమజాన్‌తో మానాలని సంకల్పించినవాడు షాబాన్ మాసం రాకముందే కలిస్తే చంద్రదర్శనం నాటికి గడ్డు రోజులు దాటిపోయి ఉంటాయి. చికిత్సలో ఉన్న రోజులలో ఉపవాసం పాటించవచ్చునా అన్నది వైద్యుడు చెప్పాలి. రోగగ్రస్తులు ఉపవాసాలను ఇతర దినాలలో పూర్తి చేసుకునే వెసులుబాటును అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లోనే ప్రసాదించాడు. వైద్యుని మాటను ఆలిమ్ ముందు ఉంచి అడగడానికి సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

వైద్యుడు ఏమి చేస్తాడు? తొలి వారం పది రోజులు తక్కెడ ఒక్కసారిగా ఒరిగిపోకుండా మందులు ఇచ్చి, వాటి మోతాదును రోజురోజుకూ తగ్గిస్తాడు. దీర్ఘకాలం తాగినవారి శరీరంలో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది కనుక దానిని అందిస్తాడు. ఆ లోపం మెదడుకు శాశ్వత హాని చేయగలదు. "ఒక మత్తు మాన్పించి మరొక మత్తు అలవాటు చేస్తున్నారా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. వైద్యుని పర్యవేక్షణలో తగ్గుతూ పోయే మోతాదు అలవాటు కాదు, ఊతకర్ర. అయితే ఆ మాత్రలను చీటీ లేకుండా దుకాణంలో కొని నెలల తరబడి మింగడం మరొక వ్యసనమే. ఆ తరువాత కోరికను తగ్గించే మందులు ఉన్నాయి, మాటలతో ధైర్యం చెప్పే కౌన్సెలింగ్ ఉంది. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి, ఒంగోలు రిమ్స్ వంటి బోధనాసుపత్రులలో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. మానసిక వైద్యుని గది ముందు కూర్చోవడం పిచ్చివారి పని కాదు. గుండెజబ్బుకు గుండె వైద్యుని కలిసినట్లే ఇదీ.

ఇంటివారు చేయకూడనివి, చేయవలసినవి

తెలియకుండా మందు కలపకండి. "కూరలో కలిపితే చాలు, తాగుడు మానేస్తాడు" అంటూ అమ్మే పొడులు మన పల్లెల్లో కొత్తవి కావు. వాటిలో ఏమున్నదో అమ్మేవానికే తెలియాలి. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటి ఉంది. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణం పోవచ్చు. అందుకే రోగికి చెప్పి, అతడు అంగీకరించాకనే వైద్యులు దానిని ఇస్తారు. ప్రేమతో చేసినా దొంగచాటుగా కలపడం ప్రాణాలతో ఆట.

"పెళ్లి చేస్తే మారతాడు" అనకండి. పెళ్లి చికిత్స కాదు. ఒకరి ఇంటి రోగాన్ని కప్పిపుచ్చి మరొకరి కుమార్తెను దానికి అప్పగించడం నమ్మకద్రోహం. ముందు చికిత్స, ఆ తరువాత కొంతకాలం నిలకడ, ఆ తరువాతే నికాహ్ మాట.

కొట్టకండి, గొలుసులతో కట్టకండి. మూసి ఉంచి కొట్టే ప్రైవేటు కేంద్రాలకు అప్పగించకండి. మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యంగానే గుర్తించింది. రోగిని గొలుసులతో బంధించడాన్ని అదే చట్టం నిషేధించింది.

పురుగుమందు డబ్బాకు తాళం వేయండి. పత్తి, మిరప పండించే ఇళ్లకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాము. మత్తులో ఉన్న మనిషి క్షణికావేశంలో చేయి చాచితే అందేచోట విషం ఉండరాదు. మత్తు దిగిన తరువాత బ్రతకాలని కోరుకునే మనిషే మత్తులో ప్రాణం తీసుకుంటాడు. ఆ ఒక్క గంట దాటించడానికి ఒక తాళంకప్ప సరిపోవచ్చు.

మత్తులో ఉండగా వాదించకండి. తెల్లవారిన తరువాత, అతని మనసు తేటగా ఉన్నప్పుడు, పిల్లల ముందు కాక ఏకాంతంలో మాట్లాడండి. "నీవల్ల మా పరువు పోయింది" అన్న మాట అతడు వెయ్యిసార్లు విన్నాడు. "అన్నా, రేపు ఆసుపత్రికి నేను కూడా నీతో వస్తాను" అన్న మాట ఒక్కసారి కూడా విని ఉండకపోవచ్చు. అబద్ధం చెప్పి అతని అప్పులను, పనిమానేసిన రోజులను కప్పిపుచ్చవద్దు. అన్నం పెట్టండి, సీసాకు డబ్బు ఇవ్వకండి.

ఇల్లాలికి ఒక మాట. సబ్ర్ అంటే దెబ్బలు తినడం కాదు. తాగి చేయిచేసుకునే భర్త నుంచి తనను, పిల్లలను కాపాడుకోవడం ఆమె హక్కు. పుట్టింటివారు "సర్దుకుపోమ్మా" అని తిప్పి పంపకుండా ఆమెకు తలుపు తెరవాలి. ఆమె ఎంత ప్రయత్నించినా అతడు మానకపోతే ఆ దోషం ఆమెది కాదు.

పిల్లల చేతికి చేరిన గంజాయి

తండ్రుల తరాన్ని సీసా కాటువేస్తే కొడుకుల తరాన్ని పొట్లం కాటువేస్తున్నది. ఏజెన్సీ కొండలలో పండిన గంజాయి మైదానపు పట్టణాలకు, కళాశాలల పరిసరాలకు చేరుతున్నది. "ఇది ఆకు, మద్యం కాదు కదా" అని కుర్రవాళ్లు తమను తాము మభ్యపెట్టుకుంటారు. మత్తు కలిగించే ప్రతిదీ నిషిద్ధమే అన్నది దైవప్రవక్త (స) బోధన. ఆకుకు, ద్రవానికి అక్కడ తేడా లేదు. ఎదుగుతున్న మెదడుకు గంజాయి జ్ఞాపకశక్తిని, చదువు మీది ధ్యాసను దెబ్బతీస్తుంది. కొందరిలో తీవ్ర మానసిక వ్యాధిని బయటపెడుతుంది. జిగురులు, రంగు పలుచబరిచే ద్రవాల వాసన పీల్చే అలవాటు పెద్దలలో కంటే 10 నుంచి 17 ఏళ్ల పిల్లలలో ఎక్కువ శాతంగా ఉన్నదని 2019 నివేదికే తెలిపింది.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఎందరో తల్లిదండ్రులు బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్లరు. ఈ భయం విషయంలో ఒక ముఖ్యమైన సంగతి తెలుసుకోవాలి. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. తాను వాడినందుకో, చట్టం నిర్దేశించిన చిన్న పరిమాణం దగ్గర ఉన్నందుకో ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు పొందిన చోట చికిత్స కోరి, దానిని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు పొందవచ్చు. అమ్మేవానికి ఈ రక్షణ లేదు. కనుక "కాస్త తెచ్చి మిత్రులకు ఇచ్చాను" అన్నంతలోనే కుర్రవాడు ఎంత పెద్ద గోతిలో అడుగు పెడతాడో వానికి ముందుగానే చెప్పాలి. వాడకం మొదలై ఉంటే దాచకుండా చికిత్సకు తీసుకువెళ్లాలి.

సలహా కోసం ఇంటి నుంచే ఫోన్ చేయవచ్చు. వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446. మానసిక ఆరోగ్య సలహాకు టెలీమానస్ 14416. మన రాష్ట్రంలో మాదకద్రవ్యాల విక్రయంపై సమాచారం ఇవ్వడానికి ఈగల్ విభాగపు నంబరు 1972. ఈ మూడింటినీ వంటింటి గోడ మీద కాలెండరు పక్కన రాసి ఉంచండి.

మస్జిద్‌లో అతని చోటు

తాగేవాడు మొదట దూరమయ్యేది మస్జిద్‌కు. తాను రాడు, వచ్చిన నాడు కొందరి చూపులు అతన్ని తిప్పి పంపుతాయి. ఈ విషయంలో దైవప్రవక్త (స) ఆచరణను గుర్తు చేసుకుందాం. మద్యం సేవించి శిక్ష పొందిన ఒక వ్యక్తిని చూసి కొందరు శపించగా, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతాన్‌కు తోడ్పడవద్దని ఆయన (స) వారించారు. మరొక వ్యక్తి ఇదే తప్పుకు మళ్లీ మళ్లీ తీసుకురాబడ్డాడు. ఒకరు విసిగి అతన్ని శపించినప్పుడు, అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉన్నదని చెప్పి ఆయన (స) ఆ శాపాన్ని నిలిపివేశారు. శిక్షను తప్పించలేదు, నిషేధాన్ని సడలించలేదు; ఆ మనిషిని సమాజం నుంచి వెలివేయనూ లేదు.

పడి లేచేవాని విషయంలో ఇది ఎంతో అవసరమైన బోధన. వ్యసనం నుంచి బయటపడేవారిలో చాలామంది ఒకటి రెండుసార్లు జారిపడతారు. మధుమేహం అదుపు తప్పితే మళ్లీ వైద్యుని దగ్గరకు వెళ్లినట్లే, జారినవాడు మళ్లీ చికిత్సకు వెళ్లాలి. "ఇక నీవు మారవు" అన్న మాట అతన్ని తిన్నగా బెల్టు షాపుకు పంపుతుంది. తౌబా ద్వారం మూతపడలేదని నమ్మే మనం మన ఇంటి ద్వారం ఎలా మూస్తాము?

ప్రతి మొహల్లా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ఏడాదికి ఒక్క జుమా ఖుత్బా అయినా హరామ్ అన్న తీర్పుతోపాటు చికిత్స దారిని కూడా వివరించాలి. కమిటీలో గుట్టు కాపాడగల ఇద్దరు పెద్దలను నిర్ణయించి, ఇబ్బందిలో ఉన్న కుటుంబం ఎవరిని కలవాలో అందరికీ తెలియజేయాలి. ఆసుపత్రికి వెళ్లే కూలీ ఇంటి ఆ పది రోజుల బియ్యం, ప్రయాణ ఖర్చులను సదఖా నుంచి భరించాలి. చికిత్స ముగించుకొని వచ్చినవానికి సాయంత్రం వేళ ఒక పని, ఒక తోడు కల్పించాలి; మళ్లీ లాగేది ఆ వేళే. ఒకప్పుడు తాగి, ఇప్పుడు మానినవాడు ఒకడుంటే అతన్ని ఆ రోగి పక్కన కూర్చోబెట్టాలి. పది ప్రసంగాలకంటే ఆ తోడు విలువైనది.

మద్యం హరామ్ అని మన పిల్లలకు నేర్పాము, ఇకముందు కూడా నేర్పుతాము. దానితోపాటు మరొక పాఠం కూడా నేర్పుదాం: ఎవరైనా జారిపడితే దాచవద్దు, వదలవద్దు, చేయి పట్టుకుని వైద్యుని దగ్గరకు నడిపించాలి. ఈ పేజీ చదువుతున్న మీ ఇంట్లో గాని, పొరుగింట్లో గాని అటువంటి ఒకరు ఉంటే ఈ వారంలోనే ఆ మొదటి మాట మాట్లాడండి. అల్లాహ్ మన కుటుంబాలను ఈ ఆపద నుంచి కాపాడుగాక. చిక్కుకున్నవారికి విముక్తినీ, వారికి తోడు నిలిచేవారికి ఓర్పునూ ప్రసాదించుగాక. ఆమీన్.